కుర్చీ ఎటువైపు

కోర్టు వీధి, మేడమీది గది

డాక్టరమ్మకు,

వదిన రాస్తున్నది. ఆశ్చర్యపోకు. ఫోనెత్తితే నాలుగో మాటకి నా గొంతు ముక్కులోకి పోతోంది, అయిదో మాటకి అవతలివాళ్లు "హలో, హలో" అంటున్నారు. పోనీ మెసేజీ పెడదామంటే బొటనవేలితో వాదించడం నాకు చేతకాదు. అందుకే కాగితం పట్టాను. వకీలు చేతికి కాగితం చిక్కితే ఏమవుతుందో నీకు తెలుసు కాబట్టి, ఓపిక తెచ్చుకుని చదువు.

మా ఊరి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి వారం దాటింది. మయస్థీనియా అన్న పేరు ఇప్పుడు మా వీధిలో పాలవాడికి కూడా నోరు తిరుగుతోంది. మెదడు చెప్పిన మాట కండరాలకి అందదట. రెప్పలు వాలిపోతాయి, నములుతుంటే మధ్యలో దవడ ఆగిపోతుంది, ముదిరితే ఊపిరి తీసే కండరాలు కూడా మొరాయిస్తాయి. "పెళ్లాం మాట మొగుడికి ఎక్కనట్టు" అని మీ అన్నయ్యతో అన్నాను. నవ్వలేదు. ఆయన మౌనవ్రతం సంగతి నీకు కొత్తా?

అసలు విషయానికి వస్తాను. ఆ మౌనవ్రతమే నోరు విప్పి చెప్పాడు, నువ్వు మీ ఐసీయూలో ఏదో పోలిక మొదలుపెట్టావని. పెద్ద రక్తనాళంలోకి గొట్టం దించాలంటే మెడ దగ్గర మేలా, కాలర్ బోన్ కింద మేలా, గజ్జల్లో మేలా అని అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తున్నావట. సంతోషం. ఇక్కడొక సాక్షి ఉంది, వాంగ్మూలం రాసుకో.

రక్తంలోని ప్లాస్మా మార్చాలని నాకు కుడి మెడకి వేశారు. తెర మీద చూస్తూ ఒక్క పోటుకే దింపారు. దింపిన కుర్ర డాక్టరు గడియారం చూసుకుని పక్కవాడితో "సూపర్" అన్నాడు. అతని పని అక్కడితో అయిపోయింది, నా పని అక్కడ మొదలైంది. తల కుడికి తిప్పితే గొట్టం మడతపడి మిషను గోలపెట్టేది. నర్సు పరిగెత్తుకొచ్చి నా తల ఎడమకి సర్దేది. ఎడమవైపు ఏమున్నాయి? మిషన్లు. మీ అన్నయ్య కుర్చీ కుడివైపు. పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఆయన నా పక్కనే కూర్చున్నాడు, నేను ఆయన మొహం చూడలేదు. నోట్లో ఊపిరి గొట్టం, పిలవలేను. ఆయన ఎటూ పిలవడు. చెయ్యి పట్టుకున్నది ఎవరో ఆయన అచ్చు ప్రెస్సు సిరా వాసనని బట్టి పోల్చుకునేదాన్ని.

తర్వాత చెమటకి గొట్టం మీద అంటించిన పట్టీ ఊడింది, మళ్లీ వేశారు, మళ్లీ ఊడింది. చలీ జ్వరమూ వచ్చాయి. గొట్టం దగ్గర్నుంచే అన్నారు.

నీ పట్టికలో ఇదంతా ఏ గడిలో రాస్తావు? గడి లేకపోతే ఒకటి గియ్యి.

వదిన


ఐసీయూ వెనక డ్యూటీ గది

వదినా,

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు కదా, ఆ అధికారంతో చెబుతున్నాను: మందులు వేళకి వేసుకో, కోర్టు మొహం అప్పుడే చూడకు. వినవని తెలిసే రాస్తున్నాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని వార్డులోకి వెళ్లి నిలబడ్డాను. ప్రతి మంచానికీ బంధువుల కుర్చీ కుడివైపే ఉంది. ప్లగ్గులూ ఆక్సిజన్ గొట్టాలూ గోడకి ఎడమవైపు ఉన్నాయి కాబట్టి మిషన్లన్నీ ఎడమకే చేరతాయి. కుడి మెడ నుంచి గుండెకి దారి తిన్నగా ఉంటుంది కాబట్టి సూది కుడికే. మిగిలిన చోట కుర్చీ. ఎవరూ కావాలని చేసింది కాదు, అందుకే ఎవరూ చూడలేదు. ఇన్నేళ్లుగా ఆ మంచాల మధ్యే తిరుగుతున్నాను. నేనూ చూడలేదు. నాకు సిగ్గేసింది వదినా.

మా పెద్దాయన గురించి చెప్పాలి నీకు. ఈ ఐసీయూ ఆయనది. అందరూ గుడ్డిగా పొడుస్తున్న రోజుల్లో పోట్లాడి ఈ ఆసుపత్రికి అల్ట్రాసౌండ్ తెప్పించాడు. అందుకు దణ్ణం పెడతాను. కానీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. వార్డు గుమ్మం పక్కన ఎర్ర అక్షరాలతో ఒక అట్ట వేలాడదీశాడు: "మెడే మొదట". ఈ పోలిక కూడా ఆ అట్టకి ముద్ర వేయించడానికే నాకు అప్పగించాడు. పద్ధతి ఏమిటంటే, ఒప్పుకున్నవాళ్లకి చీటీ తీసి, చీటీలో వచ్చిన చోట లైను, అదే ఆ గొట్టం, వెయ్యాలి. సూది చర్మానికి తగలగానే గడియారం నొక్కాలి, గొట్టం దిగగానే ఆపాలి. ఒక్క పోటుకే దిగిందా, ఎంతసేపు పట్టింది, అంతే లెక్క. ఈ లెక్కలో మెడ గెలవక ఏం చేస్తుంది? రక్తనాళం పైకే ఉంటుంది, లావుగా ఉంటుంది, తెర మీద కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది.

నువ్వన్న గడి గీశాను. ఒకటి కాదు, వరసగా గీశాను. లైను తీసేసేదాకా లెక్క నడవాలన్నాను. పట్టీ ఊడిందా, జ్వరం వచ్చిందా, రక్తం గడ్డకట్టిందా, లేచి కూర్చోగలిగారా? చివర ఒక ప్రశ్న: "దీనివల్ల మీకు ఏం చెయ్యడం కుదరలేదు?" అనుమతులిచ్చే కమిటీకి మళ్లీ అర్జీ పెట్టి ఒప్పించాను. పెద్దాయన కాగితం చూసి కళ్లద్దాలు తీశాడు.

"ఏంటమ్మా ఇది? సగంమంది మత్తులో ఉంటారు. వాళ్లనేం అడుగుతావ్?"

"మిగతా సగంమందిని అడుగుతాను సార్. మత్తు దిగాక వాళ్లనీ అడుగుతాను."

"సూది దిగాక మన పని అయిపోయిందమ్మా. తర్వాతది నర్సింగు."

"గొట్టం మనదే కదా సార్."

అట్టవైపు చూపించి వెళ్లిపోయాడు. నేను గడులు చెరపలేదు. అడగడం మొదలుపెట్టాను కూడా. మెడకి వేయించుకున్న ఒక మంగలి, "ఊరందరికీ గడ్డాలు గీస్తా, నా గడ్డం మాత్రం ఆ పట్టీ కింద అడవైపోయింది" అన్నాడు. గజ్జల్లో వేయించుకున్న ఒక పెద్దావిడ, "కూర్చోనివ్వలేదమ్మా. కప్పుకేసి చూసీ చూసీ ఆ ఫ్యాను నాకు కల్లోకొస్తోంది" అంది. కాలర్ బోన్ కింద వేయించుకున్న టీచరమ్మ కాసేపు ఆలోచించి, "ఏదీ గుర్తురావట్లేదు" అంది. ఆ జవాబు రాసుకుని కింద రెండు గీతలు గీశాను, సంతోషంతో.

నీ మరదలు


కోర్టు వీధి

డాక్టరమ్మా,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. కుర్చీల దగ్గర తల దించుకున్నాడు, మంగలి దగ్గర నవ్వాడు, అయిపోగానే లేచి వెళ్లిపోయాడు. తర్వాత వంటింట్లో చాలాసేపు గిన్నెలు తోమిన చప్పుడు వినిపించింది. తోమినవే తోమాడు.

కోర్టుకి వెళుతున్నాను. అరవకు. పొద్దుటిపూట వాయిదాలు మాత్రమే. మధ్యాహ్నానికి గొంతు ముక్కులోకి వెళ్లేలోపు ఇంటికి వచ్చేస్తున్నాను.

ఇప్పుడు నా అడ్డుప్రశ్నలు. మెడ గురించి మంచీ చెడూ రాశావు. గజ్జల గురించి మంచీ చెడూ రాశావు. కాలర్ బోన్ గురించి మాత్రం మొన్నటి ఉత్తరంలోనూ, నిన్న వచ్చిన చిన్న కార్డులోనూ అంతా మంచే. కాకిపిల్ల కాకికి ముద్దు. నీకు దాని మీద మనసు పడిందని నాకు అర్థమైంది, కానీ నేను సంబంధం చూడ్డానికి రాలేదు. వరుడికి లోపమేమీ లేదని చెప్పే పెళ్లిళ్ల పేరయ్యని ఏ కోర్టూ నమ్మదు.

లోపం ఏమిటి? ఉందా లేదా? ఉంటే నాకెందుకు రాయలేదు? మీ పెద్దాయన అట్ట పీకి నీ అట్ట తగిలించాలని చూస్తున్నావా? అట్లా అయితే నీ పక్షాన నేను లేను.

వదిన


డ్యూటీ గది

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంగా తిరిగాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

లోపం ఉంది. కాలర్ బోన్ కింద రక్తనాళం లోతుగా ఉంటుంది, దాని వెనకే ఊపిరితిత్తి. తెర మీద సూది మొన కనిపించినంతసేపు భయం లేదు. కనిపించకుండా పోయిన క్షణమే ప్రమాదం. పోలిక మొదలై నెల తిరక్కముందే ఒక బస్సు డ్రైవరుకి వేస్తున్నాను. మొన కనిపిస్తోందనుకున్నాను, కనిపించింది సూది నడుము. మొన ఊపిరితిత్తికి తగిలింది. గాలి బయటికి చేరి ఛాతీ బిగుసుకుపోయింది. వెంటనే పక్కటెముకల మధ్య గొట్టం వేసి గాలి తీశాం. బతికాడు, తేరుకున్నాడు. ఆయనకీ భార్యకీ జరిగింది జరిగినట్టు చెప్పాను. పట్టికలో ఆ రోజే రాశాను. నీకు మాత్రం రాయలేదు. నీకు మళ్లీ గొట్టం అవసరమైతే కాలర్ బోన్ కిందే వేయించాలని లోపల్లోపల అనుకుంటున్నాను కాబట్టి రాయలేదు. నువ్వు భయపడతావనుకున్నాను. నిజానికి భయపడింది నేను.

ఆ డ్రైవర్ని కూడా నా ప్రశ్న అడిగాను. అడగడానికి మొహం చెల్లలేదు కానీ, అందర్నీ అడిగి ఆయన్ని వదిలేస్తే ఇక ఆ గడికి అర్థం ఏముంది? "ఏం చెయ్యడం కుదర్లేదంటే ఏం చెప్పనమ్మా, ఊపిరి తీసుకోవడమే కుదర్లేదు" అన్నాడు. అని, నా మొహం చూసి, "రాస్కోండి, పర్లేదు" అన్నాడు.

పెద్దాయనకి ఇప్పుడు ఆయుధం దొరికింది. వచ్చే వారం ఆసుపత్రి పెద్దలందరి ముందు ఫలితాలు చెప్పాలి. నన్ను గదిలోకి పిలిచి మెత్తగా చెప్పాడు. "చూడమ్మా, ఆ చివరి గడులు తీసెయ్. కాలర్ బోన్ సంగతి ఆ డ్రైవరు ఎక్స్‌రే ఒక్కటి చూపిస్తే తేలిపోతుంది. అచ్చయ్యే పరిశోధన పేపరు మీద నీ పేరే ముందు వేస్తా." గడులు ఉంచితే ఎక్స్‌రే ఆయనే చూపిస్తాడట. ఆ ఎక్స్‌రే తెర మీద పడ్డాక మంగలి మాటా పెద్దావిడ మాటా ఎవరికి వినిపిస్తాయి?

ఏం చెయ్యను?

నీ మరదలు


కోర్టు వీధి

డాక్టరమ్మా,

ఏడవకు. విను.

ఎదుటివాడి దగ్గరున్న అసలైన ఆయుధం మన నోటితో ముందు మనమే చెప్పాలి. ఇది నా వృత్తి రహస్యం, ఫీజు తీసుకోకుండా ఇస్తున్నాను. నువ్వు లేచి నిలబడగానే మొదట ఆ ఎక్స్‌రే చూపించు. నా చేత్తో జరిగింది అని చెప్పు. డ్రైవరు అన్న మాట ఆయన అన్నట్టే చదువు. దాచినవాడి మిగతా మాటలు ఎవరూ నమ్మరు. దాచనివాడి మాట నమ్మక తప్పదు.

గడులు తీసెయ్యకు. తీసేస్తే నువ్వు నాకు చూపించిన కుర్చీలన్నీ మళ్లీ ఎవరికీ కనిపించకుండా పోతాయి. గెలుస్తావని చెప్పను. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మీ పెద్దాయన రాజు. నువ్వేమిటో తేల్చుకో.

నేను భయపడతానని దాచావా? ఇంకోసారి నా భయం సంగతి నువ్వు తేల్చకు. నన్ను అడుగు.

చెయ్యి లాగుతోంది. ఇంతటితో ఆపుతాను.

వదిన


కొండ కింది శాఖ ఆసుపత్రి, స్టాఫ్ క్వార్టర్స్

వదినా,

చిరునామా చూసే నీకు సగం అర్థమై ఉంటుంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. ముందు ఎక్స్‌రే వేసి, "ఇది నా చేత్తో జరిగింది" అన్నాను. తర్వాత అన్నీ చెప్పాను. వేగంలో మెడదే పైచెయ్యి. పట్టీ ఊడటం, జ్వరం కాలర్ బోన్ దగ్గర తక్కువ, కానీ ఊపిరితిత్తి భయం అక్కడే. గజ్జలు ప్రాణాల మీదికి వచ్చినప్పుడు చేతికందే చోటు, కానీ మనిషిని మంచానికి కట్టేసినట్టే. మూడిట్లో ఏదీ అన్నిటా గెలవలేదు. అట్ట దించి, మనిషిని చూసి, మనిషిని అడిగి, చెప్పలేని స్థితిలో ఉంటే ఇంటివాళ్లని అడిగి నిర్ణయించాలన్నాను. పెద్దాయన లేచాడు. ఆయన చేతిలోనూ అదే ఎక్స్‌రే. మళ్లీ వేస్తే ఎవరూ ఉలిక్కిపడలేదు.

"ఐసీయూ అంటే హోటల్ కాదమ్మా, మెనూ కార్డు ఇవ్వడానికి."

"హోటల్ కాదు కాబట్టే అడగాలి సార్. హోటల్లో నచ్చకపోతే లేచి వెళ్లిపోవచ్చు."

వెనక వరసలో ఎవరో నవ్వారు. అది ఆపుకోవాల్సిన నవ్వు. మర్నాడు పొద్దున్నే నా బల్ల మీద ఉత్తర్వు ఉంది: వానలు వెళ్లేదాకా ఈ శాఖలో పనిచెయ్యాలట. ఇక్కడ ఐసీయూ లేదు. జలుబులూ దగ్గులూ కట్లూ చూస్తున్నాను. గడులు మాత్రం తీయలేదు. పట్టిక మొత్తం కమిటీకి నా సంతకంతో అందజేసే వచ్చాను.

ఇప్పుడు నా అడ్డుప్రశ్నలు, వకీలుగారూ. నీ కిందటి ఉత్తరంలో మొదటి పేరా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. చివరి పేరాకి వచ్చేసరికి గీత దిగి కిందికి జారిపోయాయి. "చెయ్యి లాగుతోంది" అన్నావు. ఎన్నడైనా నీ చెయ్యి లాగిందా? పదిపేజీల పిటిషన్ ఒక్క ఊపున రాసేదానివి. రెప్పలు వాలుతున్నాయా? నీళ్లు మింగుతుంటే పొలమారుతోందా? నేను డ్రైవరు సంగతి దాచినందుకు అంత గడ్డిపెట్టావు. నువ్వేం దాస్తున్నావు?

వెంటనే జవాబు రాయి. వద్దు, అన్నయ్య చేత ఫోను చేయించు.

నీ మరదలు


ఐసీయూ బయట, వరండా

చెల్లాయికి,

ఫోనులో నీకు సగమే చెప్పాను. మాట రాలేదు. నాకు ఇతరులు రాసింది అచ్చువేయడమే వచ్చు, అయినా రాస్తున్నాను.

మీ వదినకి మళ్లీ వచ్చింది. నీ ఉత్తరం అందిన రోజునే. కొన్నాళ్లుగా తెలుసట, కోర్టులో ఒక కేసు తేలేదాకా చెప్పదలుచుకోలేదట. మా ఊళ్లో ప్లాస్మా మార్చే మిషను పాడైంది. మీ ఆసుపత్రికే తెచ్చాను. నువ్వు ఉండే వార్డు, నువ్వు లేవు.

ముక్కూ నోరూ మూసే మాస్కు పెట్టారు. దాంతో ఊపిరి ఆడుతోంది. గొంతులోకి గొట్టం ఇంకా వెయ్యలేదు. మెడకి లైను వెయ్యాలని మీ పెద్దాయన స్వయంగా వచ్చాడు. కుడి మెడ తుడవబోతే మీ వదిన ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో బలం లేదు, అయినా ఆయన ఆగాడు. పెన్సిలు కావాలని సైగ చేసింది. జేబులో ప్రూఫులు దిద్దే పెన్సిలు ఉంటే ఇచ్చాను.

ఆమె రాసింది నకలు తీసి దీంతో పంపుతున్నాను. అక్షరాలు అంత వంకరగా ఉన్నా ఒక్క తప్పు లేదు. ఇన్నేళ్లు ప్రూఫులు దిద్దాను, ఇలాంటిది చూడలేదు.

నాకు భయంగా ఉంది.

అన్నయ్య


నాలుగో మంచం

ఐసీయూ పెద్ద డాక్టరు గారికి,

నేను స్పృహలో ఉన్నాను. మాట్లాడలేను, వినగలను. నా మరదలు మీ దగ్గర పనిచేసింది. దానికి మీరు వేసిన శిక్షకి నేను రాయబారం చెయ్యడంలేదు. నా మెడ గురించే రాస్తున్నాను.

మెడకి ఎందుకు? కాలర్ బోన్ కింద ఎందుకు కాదు? గజ్జల్లో ఎందుకు కాదు? మీ గుమ్మం పక్కనున్న అట్ట చదివాను. అట్ట జవాబు కాదు. నన్ను చూసి చెప్పండి.

మీరు చెప్పేదాకా ఒప్పుకోను. నా చెయ్యి తోసెయ్యడం మీకు సులువే. తోసేసి వెయ్యాల్సి వచ్చిందని మాత్రం మీ గడియారం లెక్క పక్కన రాసుకోండి.

నాలుగో మంచం రోగి


నాలుగో మంచం

డాక్టరమ్మా,

బతికే ఉన్నాను. మిషను అయిదుసార్లు నా రక్తం వడగట్టింది. రెప్పలు లేచాయి. గొంతులోకి గొట్టం అవసరం పడలేదు. ముందుగా నా నేరం: దాచాను. ఆ కేసు ఒక వితంతువు ఇల్లు. అప్పటికి ఇంకో వాయిదా మిగిలి ఉంది, నేను మంచం ఎక్కితే ఆమె రోడ్డెక్కుతుంది అనుకున్నాను. తీర్పు వచ్చింది, ఇల్లు నిలబడింది. నువ్వు తిట్టుకో, వింటాను. ఇద్దరం ఒకే గూటి పక్షులం.

మీ పెద్దాయన నా కాగితం చదివి మొహం గంటు పెట్టుకున్నాడు. వెళ్లిపోతాడనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"కాలర్ బోన్ కిందైతే హాయిగా ఉంటుంది, కాదనను. కానీ మీ ఊపిరి ఇప్పుడు అరువు మీద నడుస్తోంది. సూది ఊపిరితిత్తికి తగిలితే తట్టుకునే శక్తి మీకు లేదు. గజ్జల్లో వేస్తే పడుకునే ఉండాలి. మీరు కూర్చుంటేనే ఊపిరి ఆడుతోంది. అందుకని మెడ. జ్వరం వచ్చే అవకాశం ఉంది. పట్టీ రోజూ నేనే చూస్తా."

ఇది చెప్పడానికి ఆయనకి పట్టింది కాఫీ చల్లారేంతసేపు. ఇంతకాలం ఎవరికీ చెప్పకపోవడానికి పట్టింది ఎన్నేళ్లో ఆయన్నే అడగాలి.

న్యాయంగా ఉంది. ఒప్పుకున్నాను. అవునే, మెడకే ఒప్పుకున్నాను! నీ ముద్దుల కాకిపిల్లని కాదన్నాను. కోపమొచ్చిందా? రానీ. కానీ ఒప్పుకుంటూ ఇంకో కాగితం రాసిచ్చాను: "మెడకి ఒప్పుకున్నాను. మీ అట్టకి ఒప్పుకోలేదు. మిషన్లు కుడికి, కుర్చీ ఎడమకి మార్పించండి." ప్లగ్గులు అటు లేవన్నాడు. హెడ్ నర్సు పొడుగు వైరు తెచ్చింది. ఆమె నీ గడుల్లో మూడొంతులు నింపిన మనిషట కదా, వెనక వరసలో నవ్వింది కూడా తనేనని చెప్పింది.

మీ అన్నయ్య ఎడమవైపు కూర్చున్నాడు. చూశాను. ముసలాడైపోయాడే! ఎవరూ నాకు చెప్పలేదు. గడ్డం మాసి, చొక్కా గుండీ ఒకటి తప్పు పెట్టుకుని, నన్ను చూస్తూ కూర్చున్నాడు. నేను చూస్తున్నానని తెలిసి తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తాడు. ఏమీ మాట్లాడలేదనుకో. ఈసారి నాకు వినపడింది.

ఏడ్చాను, మాస్కు తడిసింది. మిషను గోలపెట్టలేదు.

వదిన


ఐసీయూ వెనక డ్యూటీ గది

వదినా,

వానలు వెళ్లాయి, నేను వచ్చాను. నువ్వు మెడకి ఒప్పుకున్నందుకు కోపం రాలేదు. నీ ఉత్తరం చదివి మొదట ఒక గంట రోషం, తర్వాత సిగ్గు. నేను ఆ రోజు నీ మంచం పక్కన ఉండి ఉంటే అడక్కుండానే కాలర్ బోన్ కింద వేయించేదాన్నేమో. నా అట్ట నా మనసులో వేలాడుతూనే ఉంది. దాన్ని నువ్వు దించావు.

ఇక్కడి సంగతులు. కుర్చీలు మారాయి. ఎవరు చెప్పారో ఎవరూ చెప్పరు. మెడకి కుడివైపు లైను ఉన్న ప్రతి మంచానికీ కుర్చీ ఎడమన ఉంది. కానీ "మెడే మొదట" అట్ట ఎక్కడున్నది అక్కడే ఉంది. కమిటీ నా పట్టిక తీసుకుని "పరిశీలనలో ఉంది" అని రాసింది. అంటే అటకెక్కించారని.

నేను వచ్చిన రోజునే ఒక తెల్ల కాగితం మీద "మొదట అడగండి" అని రాసి ఆ అట్ట మీద అడ్డంగా అంటించాను. సాయంత్రానికి లేదు. మర్నాడు మళ్లీ అంటించాను. మళ్లీ లేదు. పెద్దాయన ఎదురుపడి, "ఈ కాగితాలేంటమ్మా, గోడ పాడవుతోంది" అన్నాడు. "కొత్త అట్ట వేయించండి సార్, కాగితాలు మానేస్తాను" అన్నాను. మళ్లీ కొండ కిందికి పంపిస్తాడేమో. పంపనీ. అక్కడా గోడలున్నాయి.

కానీ నా చేతిరాత నీకు తెలుసుగా. మందుల చీటీలా ఉంటోంది. చదివినవాళ్లు ఇదేం మందని అడుగుతున్నారు.

నీ మరదలు


కోర్టు వీధి, మేడమీది గది

డాక్టరమ్మా,

నిన్న మళ్లీ నల్లకోటు వేశాను. వాదన మొదలుపెట్టి కాసేపటికి గొంతు సన్నబడింది. ఎదుటి వకీలు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నవ్వాడు. జడ్జిగారు, "కొంచెం గట్టిగా మాట్లాడండి" అన్నారు. "ఇంతకన్నా గట్టిగా రాదండి. కోర్టువారే కొంచెం ముందుకి వంగి వినాలి" అన్నాను. జడ్జిగారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. ఎదుటివాడు చెవి మీంచి చెయ్యి తీసేశాడు.

మళ్లీ వస్తుందా ఈ జబ్బు? వస్తుంది. వచ్చినప్పుడు మళ్లీ మీ వార్డుకే వస్తాను, మళ్లీ మొదటినుంచీ అడుగుతాను. అప్పుడు జవాబు మెడ కాకపోవచ్చు. అడగడం మాత్రం మానను.

నీ చేతిరాత గురించి చదువుతుంటే మీ అన్నయ్య వింటున్నాడు. పొద్దున్న లేచి చూస్తే మనిషి లేడు, కింద ప్రెస్సు ఆడుతున్న చప్పుడు. ఈ ఉత్తరంతో వచ్చిన కట్ట విప్పు. "మొదట అడగండి." పెద్ద అక్షరాలు, మంచి కాగితం, వెనక జిగురు కూడా పూయించాడు. ఎన్ని వేశావయ్యా అని అడిగితే, సిరా చేతులు తుడుచుకుంటూ ఒక్క మాట అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాతో చెప్పి నీకు పంపమన్న మొదటి మాట ఇదే, అక్షరం మార్చకుండా రాస్తున్నాను:

"అయిపోతే రాయమను. ప్రెస్సు మనదే."

వదిన